తొమ్మిదో నెల తొమ్మిదిన షూటింగు

ఆ ఏడు మా వరి బంగారంలా పండింది. కానీ కోయడానికి లేదు. సినిమా వాళ్ళు కోయొద్దన్నారు.

వాళ్ళు సియోల్ నుంచి మా గిమ్జే వైపు వచ్చింది ఇక్కడి చదును కోసం. మా దేశమంతా కొండలే. కెమెరా ఎటు తిప్పినా ఏదో ఒక గుట్ట అడ్డం వస్తుంది. నేల సాగి సాగి ఆకాశానికి తగిలే చోటు కావాలంటే మా ఊరికే రావాలి. కథ జరిగేది అమెరికాలో, కాలిఫోర్నియా వరి పొలాల్లోనట. అంత దూరం పోయి తీసే స్తోమత లేక మా పొలాన్నే కాలిఫోర్నియా చేసేశారు. మా ఆయన జేగ్యు ఒప్పేసుకుని వచ్చి, "పుట్టిన ఊరు దాటలేదని ఇన్నాళ్ళూ నన్ను దెప్పావుగా, చూడు, అమెరికాలో ఉన్నాను" అన్నాడు. పండిన చేను కోయకుండా మబ్బుల వంక చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో రైతు ఇంట్లో వాళ్ళకి చెప్పక్కర్లేదు. నేను నోరారా తిట్టాను. తిట్టాక, వాళ్ళు ఏ సీన్లు తీస్తారో కూడా అడిగాను.

మొదటి రోజు పొలం గట్టున బల్ల వేసి, ఉడికించిన పంది తల పెట్టి, డైరెక్టరు దగ్గర్నుంచి లైట్లు మోసేవాళ్ళ దాకా అందరూ సాగిలపడి మొక్కారు. పంది తల నవ్వుతూ ఉండాలి. మూతి ముడుచుకుని ఉంటే సినిమా ఆడదని నమ్మకం. మా పెదమామగారు, అంటే మా మామగారి అన్నగారు, చేతులు వెనక్కి కట్టుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగి, "నవ్వు బాగుంది" అని తేల్చారు. మా అత్తవారి యాంగ్ వంశంలో ఇప్పుడు ఆయనదే పెద్దరికం. పెద్దిల్లు ఆయనది, తిథులు ఆయనవి, పూర్వీకులంతా ఆయన సొత్తు. ఏది చెప్పినా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

మా అత్తయ్య మాత్రం షూటింగు చూడటానికి రాలేదు. వరండాలో కూర్చుని ఎండు మిరపకాయలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తోంది. సాయంత్రం నేను వెళ్ళి కథ చెప్పాను. జపాన్ వాళ్ళ ఏలుబడిలో మన కుర్రాళ్ళు కొందరు సముద్రం దాటిపోయి, తిరిగొచ్చి వాళ్ళ మీద బాంబులు వేద్దామని అమెరికాలో విమానం నడపడం నేర్చుకున్నారట, అక్కడి మనవాళ్ళు వరి పండించి ఆ బడి నడిపించారట, అదీ సినిమా అన్నాను.

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఎప్పటి కథని అడిగింది. ఊరూరా స్వాతంత్ర్యం కావాలని కేకలు వేశారే, దాని తర్వాతి ఏడు అని చెప్పాను. ఆమె లేచి, చేతులు కడుక్కుని, పండగ జాకెట్టు తొడుక్కుని పొలానికి బయల్దేరింది. డెబ్బై దాటిన మనిషి గట్ల మీద అంత జోరుగా నడవడం నేనెన్నడూ చూడలేదు.

విషయం మా ఇంట్లో అందరికీ తెలిసిందే. మా అత్తయ్య తండ్రి చే ఇన్సొక్ ఆ కేకల ఏడే పోలీసులకు చిక్కకుండా పారిపోయాడు. అప్పటికి అత్తయ్య తల్లి కడుపులో ఉంది. కొన్నేళ్ళకు ఎవరో జిన్సెంగ్ అనే మందు వేర్లు అమ్ముకునే మనిషి వచ్చి, మీవాడు అమెరికాలో వరి చేల పక్కన ఏరోప్లేను నేర్చుకుంటున్నాడని చెప్పి, అన్నం తిని వెళ్ళిపోయాడు. అంతే. ఆ తర్వాత కబురూ లేదు, కాకీ లేదు. పోయిందెప్పుడో ఎక్కడో ఎవరికీ తెలియదు. అత్తయ్య ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో ఊళ్ళో ఆడవాళ్ళు, "ఎద్దుబండి ఎక్కని ఇంట్లో ఏరోప్లేను ఎక్కేవాడు పుట్టాడట" అని బావి దగ్గర మూతులు తిప్పేవాళ్ళట.

డైరెక్టరు నలభై ఏళ్ళ సియోల్ మనిషి, టోపీ ఎప్పుడు ఉతికాడో దేవుడికెరుక. అత్తయ్య తిన్నగా ఆయన ముందుకు వెళ్ళి నిలబడింది.

"మా నాన్న మీ కథలో ఉన్నాడా బాబూ?"

ఆయన కుర్చీలోంచి లేచి, టోపీ తీసి, ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆ కుర్రాళ్ళలో కొందరి పేర్లే దొరికాయనీ, చివరికి వానలకు చేలు మునిగి పంట పోయి ఆ బడి మూతపడిందనీ, పిల్లలు తలో దిక్కూ అయిపోయారనీ చెప్పాడు.

"అయితే ఉన్నాడని చెప్పలేవు."

"చెప్పలేనండీ."

"లేడనీ చెప్పలేవు."

"లేరని కూడా చెప్పలేనండీ."

అత్తయ్య తల ఊపింది. ఆ రాత్రి ఇంకో ముద్ద ఎక్కువే తిన్నది.

ఆ తర్వాత ఎనిమిదో నెల పున్నమికి వచ్చింది చూసొక్, మా పంటల పండగ. ఉదయం పెద్దింట్లో యాంగ్ పూర్వీకులందరికీ పెట్టుకున్నాం. మొక్కులు అయి, మగవాళ్ళు ప్రసాదం సారా గుటకేసి, మేము పళ్ళు కోస్తుండగా అత్తయ్య నోరు తెరిచింది. ఆమె పుట్టింటి వైపు బాబాయి కొడుకు ఒకాయన ఉండేవాడు. చనిపోయిన రోజు తెలియని వాళ్ళకి తొమ్మిదో నెల తొమ్మిదిన పెట్టడం మాలో ఆచారం. ఆ లెక్కన ఆయనే ఏటా అత్తయ్య తండ్రికి పెడుతూ వచ్చాడు. ఆయన పోయాక కొడుకులు చర్చిలో కలిశారు, ఇక బల్లా లేదు, అన్నమూ లేదు.

"బావగారూ, మా నాన్న ఆకలితో ఉన్నాడు" అంది అత్తయ్య. "ఆ రోజు మా ఇంట్లో ఒక్క గిన్నె అన్నం పెట్టుకుంటాను."

పెదమామగారు చెడ్డవారు కాదు. ఆ మాటకు ఆయన ముఖం కూడా కందిపోయింది. కానీ వంశం అనే మాట ఆయన గొంతులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది.

"మీ బాధ నాకు తెలియదని కాదు. కానీ యాంగ్ వాళ్ళ గడపలో చే వాళ్ళకి బల్ల వెయ్యడం ఎక్కడా లేదు. అందులోనూ కూతురు పెట్టడం. మన పెద్దలు వచ్చి చూస్తే ఎక్కడ కూర్చుంటారు చెప్పండి?"

"పక్కకి జరిగి కూర్చుంటారు" అన్నాను నేను. జేగ్యు బల్ల కింద నా కాలు తొక్కాడు. పెదమామగారు వినిపించుకోనట్టు గ్లాసు తుడుచుకున్నారు.

అత్తయ్య పండు తొక్క తీయడం ఆపలేదు. "సరే. నేనూ పోయాక అడిగేవాళ్ళు కూడా ఉండరు. మీకూ ఇబ్బంది ఉండదు" అంది. ఆ గొంతులో కోపం లేదు. అందుకే నాకు అంత మండింది. పాతికేళ్ళు ఆవిడ చేతి కింద చివాట్లు తిన్నదాన్ని. కోపంగా ఉన్న అత్తయ్య నాకు అలవాటే. ఆశ వదులుకున్న అత్తయ్యని చూడలేకపోయాను.

అవకాశం వెతక్కుండానే వచ్చింది. డైరెక్టరు కింద పనిచేసే హేజిన్ అనే అమ్మాయి పండగ అయిన మూడో నాడో నాలుగో నాడో మా వంటింటి గుమ్మంలో నిలబడింది. ఆ పిల్ల నిద్రపోగా నేను చూడలేదు, నడుస్తూ తినేది, తింటూ రాసుకునేది. సినిమాలో ఒక సీను ఉందట. విమానం కూలి ఒక కుర్రాడు పోతాడు. తోటివాళ్ళూ, అక్కడి మన రైతులూ వరి చేలో బల్ల వేసి అతనికి పెడతారు. బల్ల మీద నిజమైన వంట కావాలి, నేను చేసిపెడతానా, ఏ రోజు వీలవుతుంది అని అడిగింది. పనిలో పనిగా, పాత పద్ధతిలో మంత్రం చదవగల పెద్దాయన ఎవరైనా ఊళ్ళో ఉన్నారా అని కూడా అడిగింది.

చేతిలో ముల్లంగి పక్కన పెట్టి, వేళ్ళమీద లెక్కేస్తున్నట్టు నటించాను. తొమ్మిదో నెల తొమ్మిదో రోజు తప్ప నాకు ఒక్క రోజు కూడా ఖాళీ లేదన్నాను. మంత్రం సంగతంటారా, మా పెదమామగారి గొంతు ముందు ఈ జిల్లాలో ఎవరూ నిలబడలేరు, అయితే ఆయన్ని నేను అడిగితే రారు, డైరెక్టరు గారే స్వయంగా వెళ్ళి బతిమాలాలన్నాను. పిల్ల అంతా రాసుకుంది.

అత్తయ్యకు చెప్పినప్పుడు ముందు కసిరింది. నాటకం బల్ల మీద, ఎవడో కథలో కుర్రాడి పేరు మీద మా నాన్నకి పెట్టమంటావా, నీకు బుద్ధుందా అంది. ఆ చివాటు నా ప్రాణానికి హాయిగా తగిలింది. ఆమె గిన్నెలు సర్దింది, మళ్ళీ సర్దింది. చివరికి తనలో తనే అనుకున్నట్టు అంది.

"బల్ల నాటకందైతే అయింది. అన్నం మాత్రం నాటకం కాదుగా."

మర్నాడే ఇంటి వెనక చిన్న మడి కొడవలితో కోయించింది. సినిమా వాళ్ళ కెమెరాకి అందని మడి అదొక్కటే. కొత్త బియ్యం దంపించి, కుండలో పోసి, మూత పెట్టి, ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు.

అటు పెద్దింట్లో వేరే గొడవ నడిచింది. డైరెక్టరు వెళ్ళి మొక్కగానే పెదమామగారు కరిగిపోయారు. కాకపోతే బట్టల దగ్గర బిగుసుకున్నారు. కాలిఫోర్నియా రైతు వేషం కాబట్టి భుజాల మీద పట్టీలున్న నీలం లాగు వేసుకోమన్నారు సినిమా వాళ్ళు. పెద్దల్ని పిలిచే మనిషి పసిపిల్లాడి లాగు వేసుకుంటాడా, ఏ ఆత్మ వస్తుంది, వచ్చినా నవ్వి పోతుంది అని ఆయన వాదన. రెండు రోజులు రాయబారాలు నడిచాయి. లాగు లోపల, దాని మీద ఇంటి నుంచి తెచ్చుకున్నట్టుగా తెల్లని పొడుగు కోటు అని ఒప్పందం కుదిరింది. ఆయన ఇంట్లో అద్దం ముందు నిలబడి మంత్రం సాధన చేస్తుంటే వీధిలోకి వినబడేది.

నా భయం ఒక్కటే. తిథులు ఆయనకు వేళ్ళ కొసల మీద ఉంటాయి. తొమ్మిదో నెల తొమ్మిది అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పాలా?

ఆ రోజు పొద్దున్నే ఎండ బాగా కాసింది. మా చేను నడుమ సినిమా వాళ్ళు కోసి చదును చేసిన చోట చెక్క విమానం నిలబడి ఉంది. మేము రాత్రి నుంచీ వండినవన్నీ మోసుకొచ్చాం. కారం, వెల్లుల్లి తగలని కూరలు, వేయించిన చేప, పిండిలో ముంచి కాల్చిన గుమ్మడి ముక్కలు, బియ్యపు రొట్టెలు, ఎర్ర పళ్ళు తూర్పు వైపుకి, తెల్ల పళ్ళు పడమటికి. పెదమామగారు లాగు మీద కోటు వేసుకుని వచ్చి బల్ల ముందు ఆగారు. చేప తల ఎటుందో చూశారు. అన్నం గిన్నె వంక చూశారు. తర్వాత మా అత్తయ్య కేసి చూశారు. ఆమె చీకటితోనే స్నానం చేసి, తిథులకి కట్టే తెల్లబట్టలు కట్టుకుని, లైటు స్తంభం పక్కన ఒదిగి నిలబడి ఉంది. షూటింగులో వంటమనిషికి తెల్లబట్టలెందుకు?

ఇప్పుడు ఈయన వెనక్కి తిరిగి వెళ్ళిపోతే ఇక ఆమె బతికుండగా ఈ రోజు రాదు. పెదమామగారు కోటు ముడి బిగించుకుని, "నేను ఎక్కడ కూర్చోవాలి?" అని హేజిన్ ని అడిగారు.

మొదటి టేకులో అంతా సవ్యంగా సాగింది. హీరో వేషం కుర్రాడు సారా పోశాడు, అన్నంలో చెంచా నిలబెట్టాడు, పెదమామగారు కాగితంలో ఉన్న పేరుతో మంత్రం చదివారు, కుర్రాళ్ళంతా రెండేసి సార్లు సాగిలపడ్డారు. కట్ అన్నారు. వెనకాల విమానం సమయానికి కదల్లేదట. రెండోసారి విమానం కదిలింది, మబ్బు అడ్డొచ్చింది. మూడోసారి ఒక రైతు వేషగాడికి తుమ్ము వచ్చింది, ఆ వేషగాడు మా జేగ్యుయే.

ప్రతి టేకుకీ ముందు అత్తయ్య చల్లారిన గిన్నె తీసేసి వేడి అన్నం గిన్నె పెట్టి వచ్చేది. ఆవిరి కెమెరాలో బాగా కనబడుతోందని వాళ్ళకీ సంతోషం. తీసేసిన అన్నం గట్టు చాటున కుర్రాళ్ళు ఊదుకుంటూ తినేవాళ్ళు.

నాకు మాత్రం మనసు మనసులో లేదు. పిలవడం, పంపడం, మళ్ళీ పిలవడం, ఇదేమన్నా ఆటా? పోయినవాళ్ళతో ఇలా చేయొచ్చా అని అత్తయ్య చెవిలో గొణిగాను. డైరెక్టరు కూడా నొచ్చుకుంటూ వచ్చి, అమ్మగారూ, ఇంకొన్ని టేకులు తప్పేట్టు లేవు, ఏమనుకోకండి అన్నాడు.

"తియ్యి బాబూ, ఎన్నైనా తియ్యి" అంది అత్తయ్య. "ఇన్నేళ్ళ ఆకలి ఒక్క గిన్నెతో తీరుతుందా?"

డైరెక్టరుకి అప్పుడు అర్థమైంది. తలవంచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత తీసిన టేకులన్నీ సినిమాకే అవసరమా అంటే నేను చెప్పలేను.

మధ్యాహ్నం దాటాక కెమెరాని దూరంగా కాలవ గట్టు మీదికి మార్చారు. హేజిన్ వచ్చి, ఇది దూరం నుంచి తీస్తున్నాం తాతగారూ, మాటలు రికార్డు కావు, పెదవులు కదిపితే చాలు, ఏదైనా అనుకోవచ్చు అని చెప్పింది. పెదమామగారు సరేనన్నారు. చేతిలో కాగితం మడిచి కోటు లోపల పెట్టుకున్నారు.

మంత్రం ఎప్పుడూ ఒకేలా మొదలవుతుంది. ఫలానా ఏడు, ఫలానా నెల, ఫలానా రోజు, కొడుకు ఫలానా తెలియజేసుకుంటున్నాడు అని. ఆయన గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. పొద్దుట్నుంచీ చదివిన గొంతు కాదది, పెద్దింట్లో తిథుల గొంతు.

"తొమ్మిదో నెల తొమ్మిదో రోజు. కూతురు చే గుమ్నే తెలియజేసుకుంటోంది. తండ్రి చే ఇన్సొక్ గారికి. ఏళ్ళు గడిచాయి, మీరు వెళ్ళిన దారి తెలియలేదు. వంట కొద్దిదే, చెయ్యి మీ కూతురిది. దయచేసి ఆరగించండి."

అత్తయ్య పేరు గుమ్నే అని నేను రేషను కార్డు మీద తప్ప ఎక్కడా చూడలేదు. ఎవరి నోటా వినలేదు. ఈ ఇంట్లో అడుగు పెట్టాక ఆమె పుట్టిన ఊరి పేరుతోనే పిలిచారు, లేకపోతే ఫలానా వాళ్ళమ్మ. తమ్ముడి భార్య పేరు ఆయన నోట రావడమే వింత. ఇన్సొక్ అనే పేరు ఆయన ఎప్పుడు విన్నారో, పెళ్ళి మాటల నాడు విని ఉంటారు. అప్పట్నుంచీ గుర్తుంచుకున్నారన్నమాట.

అత్తయ్య లైటు స్తంభం పక్కనే మట్టిలో మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించింది. ఆమె కెమెరాలో పడుతుందేమోనని ఒక కుర్రాడు లేపడానికి కదిలాడు. డైరెక్టరు దూరం నుంచి చెయ్యెత్తి వాణ్ణి ఆపాడు. బల్ల ముందు ఇరవై మంది పడుచువాళ్ళు ఒక్కసారి సాగిలపడ్డారు. ఆమె తండ్రి వదిలి వెళ్ళిననాటి వయసే వాళ్ళందరిదీ. నేను ఏడ్చాను. వంట పొగ వల్ల కాదు, ఊరికే ఏడ్చాను.

కట్ అన్నాక పెదమామగారు మోకాళ్ళు నొక్కుకుంటూ లేచి, "ఈ లాగు పట్టీలు పీకేస్తున్నాయి" అని విసుక్కున్నారు. బల్ల మీదివన్నీ అందరం పంచుకుని తిన్నాం. అత్తయ్య తన చేత్తో చేప ముక్క తుంచి మొదట పెదమామగారి గిన్నెలో వేసింది. ఆయన తిన్నారు.

ఆ వారమే మిషను పెట్టి చేను కోయించాం. గాలికి కొంత వాలిపోయినా గింజ రాలలేదు. జేగ్యు మీసం మెలేశాడు, అసలు మీసమే లేనివాడు.

వసంతంలో సినిమా వచ్చింది. ఊరంతా బస్సు మాట్లాడుకుని జంజు పట్నం వెళ్ళాం. మా చేను తెర నిండా పసుపుగా పరుచుకుంది, పిల్లలు విమానాల్లో ఎగిరారు, విమానం కూలిన సీను కూడా వచ్చింది. ఆ తర్వాత ఏకంగా వానలు, వరద. బల్ల లేదు, మంత్రం లేదు. ఆ సీను మొత్తం ఎత్తేశారు. దీపాలు వెలగ్గానే పెదమామగారు లేచి, నా గొంతు ఏమైంది, నా కోటు ఏమైంది, ఇంత మోసమా అని టిక్కెట్లు చింపే కుర్రాడి మీద విరుచుకుపడ్డారు. తిరుగు ప్రయాణంలో కూడా ఆయన చల్లబడలేదు. పొద్దస్తమానం మోకాళ్ళు అరగదీసుకున్నాం, దేనికి, ఎవరు చూశారు అని బస్సు అంతా వినేలా అన్నారు.

అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తోంది. ఆమె ముఖంలో ఏ లోటూ లేదు.

"పోనీలెండి బావగారూ. మా నాన్న సినిమా చూడ్డానికి రాలేదు. అన్నానికొచ్చాడు, తిన్నాడు."

బస్సు మా మైదానంలోకి దిగింది. నాట్లకి నీళ్ళు పెట్టిన మళ్ళు అటూ ఇటూ మెరుస్తున్నాయి. మా ఇంటి మలుపు వస్తుండగా ఆయన గొంతు సవరించుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నారు.

"ఈసారి సినిమా వాళ్ళు ఉండరు. గడప లోపలే వెయ్యండి బల్ల. చదవడానికి నేనొస్తాను."